ఉప్పూ, గడియారమూ

మా వంటింట్లో గోడ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది. దానంతటది కాదు, నేనే అలా పెట్టాను. పిల్లలు స్కూళ్ళకి వెళ్ళే రోజుల్లో ఆలస్యం కాకూడదని కలిపిన పది నిమిషాలవి. ఇప్పుడు పిల్లలు పెద్దవాళ్ళయి ఎవరి ఊళ్ళో వాళ్ళున్నారు. గడియారం మటుకు ఇంకా పరిగెత్తుతూనే ఉంది. తమాషా ఏమిటంటే, అది ముందుందని నాకు తెలుసు, మావారికి తెలుసు, మా పనమ్మాయికి కూడా తెలుసు. అందుచేత దాన్ని చూసి ఎవరం తొందరపడం. మనసులో పది తీసేసుకుని, ఆ పదీ దర్జాగా ఖర్చు పెట్టేస్తాం.

ఈ గడియారం కిందే నిలబడి నేను రోజుకి పదిసార్లు "అబ్బ, టైము లేదమ్మా" అంటూంటాను. ఎవరైనా రమ్మన్నా అదే మాట, ఏదైనా చెయ్యమన్నా అదే మాట. ఆ మాట అబద్ధమని నాకెప్పుడూ తోచలేదు. తోచే అవకాశం ఒక ఏడాది శ్రమల కాలంలో వచ్చింది.

శ్రమల కాలమంటే, తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను, ఈస్టరు పండక్కి ముందు మేం నియమంగా గడిపే నలభై రోజులు. మాంసం మానేసేవాళ్ళు మానేస్తారు, ఒక పూట భోజనం మానేవాళ్ళు మానేస్తారు. నేను ఒక ఏడు కాఫీ మానేసి, నలభై రోజులూ ఇంట్లో అందరిమీదా విసుక్కున్నాను. "ఈసారి కాఫీ తాగు, విసుగు మానెయ్" అన్నారు మావారు. సరేనని కాఫీ జోలికి పోకుండా, ఒక వారంపాటు నా కాలానికి లెక్క రాయాలని కూర్చున్నాను. పాలపద్దు రాసే నోటుపుస్తకం వెనక పేజీల్లోనే రాశాను.

వంట, గిన్నెలు, బట్టలు, బజారు వీటి సంగతి సరే. అవి ఎవరు రాసినా అంతే వస్తాయి. మా పెదనాన్నగారి అమ్మాయితో ఫోనులో నాలుగు గంటల ఇరవై నిమిషాలు. అదే ఫోనులో పువ్వుల బొమ్మలతో వచ్చే శుభోదయాలు చూడటానికీ, వాటిని ఇంకొకళ్ళకి పంపటానికీ కలిపి ఐదు గంటలకి పైన. ఆదివారం ఆరాధన కాక, ప్రార్థనకీ వాక్యానికీ రెండు గంటలకు కొంచెం తక్కువ. రెండు సందుల అవతల మంచంమీదున్న ఒక పెద్దావిడ రెండుసార్లు కబురు పంపారు, "ఒకసారి వచ్చి కాసేపు కూర్చో అమ్మా" అని. ఆవిడ పేరు కింద ఏమీ లేదు. సున్నా కూడా రాయలేదు. రాయటానికి సిగ్గేసింది.

మోషే చేసిన ప్రార్థనగా చెప్పే తొంభయ్యో కీర్తనలో మనిషి ఆయుస్సు డెబ్బై ఏళ్ళు, బలముంటే ఎనభై అని ఉంది. మన రోజులు లెక్కపెట్టుకోవటం నేర్పమని అందులోనే అడుగుతాడాయన. డెబ్బై ఏళ్ళంటే 25,550 రోజులు. నాకప్పుడు యాభై ఎనిమిది. అంటే 21,170 అయిపోయాయి. మిగిలినవి 4,380. ఇంత పెద్ద జీవితం ఇంత చిన్న అంకెలోకి దిగిపోవటం చూసి కాసేపు కలం పక్కన పెట్టేశాను. పండక్కి చీర కొన్నప్పుడు కూడా ఇంతకన్నా పెద్ద అంకె రాసిన గుర్తు.

పౌలు కొలొస్సయి సంఘానికి ఒక ఉత్తరం రాశాడు. ఆ ఊరు ఇప్పటి టర్కీ దేశంలో ఉండేది. ఉత్తరం రాసేటప్పటికి ఆయన సంకెళ్ళలో ఉన్నాడు. టైము బోలెడున్నా కాలు కదపటానికి వీల్లేని మనిషి! ఆ ఉత్తరం చివరి అధ్యాయంలో రెండు సలహాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. మొదటిది, బయటివాళ్ళతో తెలివిగా మసలుకోమనీ, కాలాన్ని పోనివ్వద్దనీ. రెండోది, మాటలో దయ ఉండాలనీ, అది ఉప్పు తగిలినట్టు ఉండాలనీ. చిన్నప్పటి నుంచీ ఈ రెండూ వేరువేరు సంగతులనుకునేదాన్ని. ఒకటి సోమరిపోతుల కోసం, ఒకటి వాగుడుకాయల కోసం. నేను రెండూ కాదని నా ధీమా.

కాలాన్ని గురించి పౌలు వాడిన గ్రీకు మాట బజారు మాటట. బజారులో సరుకు దొరికిన వెంటనే కొనేసుకోవటం, అదీ దాని అర్థం. ఇంకో విశేషం, గ్రీకులో కాలానికి రెండు మాటలున్నాయి. గడియారంలో తిరిగే కాలానికి ఒకటి, సమయానికి వచ్చి సమయానికి పోయే కాలానికి ఒకటి. పౌలు ఇక్కడ వాడింది రెండోది. మనకీ దానికి సరైన మాటుంది కదా, అదను! అదనులో వెయ్యని విత్తనం తరవాత ఎన్ని గంటలు చాకిరీ చేసినా మొలవదు. అంటే పౌలు నా గడియారాన్ని గురించి మాట్లాడటం లేదు. నిమిషాలు పొదుపు చెయ్యమని కూడా కాదు. వచ్చిన అదనును గుర్తుపట్టమంటున్నాడు.

ఇక ఉప్పు సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవకాయలో ఉప్పు తగ్గిందా, వానలు మొదలవగానే జాడీలో బూజు. ఎక్కువైందా, అన్నంలో కలుపుకోలేం. రుచికి మాత్రమే కాదు, పాడవకుండా కాపాడటానికీ ఉప్పే. మాటలో ఉప్పుండాలంటే మాట చురుక్కుమనాలని కొందరనుకుంటారు. మా బంధువుల్లో ఒకావిడ, "నేను ఉన్నమాట మొహంమీదే అంటాను, నా మాటలో ఉప్పూ కారం ఉంటాయి" అంటూంటారు. కారం సంగతి పౌలు రాయలేదండీ.

ఇలా అందరినీ విమర్శించే స్థితిలో ఉండగానే నాకు జరగవలసింది జరిగింది.

మా వీధిలో అద్దెకుండే ఒక అమ్మాయి ఉంది. ముప్పై దాటని వయసు, ఇద్దరు పిల్లలు. ఒక సాయంత్రం పెరుగు తోడుకి వచ్చి, గిన్నె చేతిలో పట్టుకుని వెళ్ళకుండా నిలబడింది. "ఏంటమ్మా?" అన్నాను. వాళ్ళాయనకి ఉద్యోగం పోయి రెండు నెలలైందట. రోజూ పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని బయటికి వెళుతున్నాడట, వీధిలో ఎవరికీ తెలియకూడదని. మెడలో గొలుసు తాకట్టు పెట్టారు. ఊళ్ళో వాళ్ళమ్మకి గుండెజబ్బు, ఆవిడకి తెలిస్తే తట్టుకోలేదని చెప్పలేదు. "మాకోసం ప్రార్థన చెయ్యండి ఆంటీ" అని కళ్ళొత్తుకుంది. నేను దాని తలమీద చెయ్యి వేసి అక్కడే ప్రార్థన చేశాను. అంతవరకూ బాగానే ఉంది.

శుక్రవారం స్త్రీల సమాజం కూడికలో, ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా అని అడిగారు. ఒకరి మోకాళ్ళ నొప్పులు, ఒకరి మనవడి పరీక్షలు అయ్యాక నేను లేచాను. "పేరెందుకులెండి, మా వీధిలో ఒక అమ్మాయి, ఇద్దరు పిల్లలు..." అంటూ మొదలెట్టి, ఉద్యోగం సంగతీ, టిఫిను డబ్బా సంగతీ, గొలుసు సంగతీ చెప్పాను. మా వీధిలో ఇద్దరు పిల్లలతో అద్దెకున్న అమ్మాయిలు ఎంతమందున్నారండీ? టిఫిను డబ్బా దగ్గరికి వచ్చేసరికి అందరూ "అయ్యో" అన్నారు. ఆ "అయ్యో" నాకెంత తియ్యగా ఉందో ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మనం చెప్పిన కబురుకి నలుగురూ నిట్టూర్పు విడిస్తే కలిగే తృప్తి ఒకటుంటుంది. అది ప్రార్థన తృప్తి కాదు.

ఆ కూడికలో వాళ్ళ ఇంటి ఓనరుగారి భార్య కూడా ఉన్నారు. మర్నాడే వెళ్ళి రెండు నెలల అద్దె ముందుగా ఇమ్మన్నారట. ఇంకెవరి ద్వారానో కబురు ఊరికి చేరి, ఆ గుండెజబ్బు తల్లి బస్సెక్కి వచ్చేసింది. "పరాయివాళ్ళకి చెప్పావు గానీ నాకు చెప్పలేదేం?" అని కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. ఇదంతా పనమ్మాయి చెబితే తెలిసింది నాకు.

యాకోబు తన పత్రికలో నాలుకను చిన్న నిప్పుతో పోల్చాడు, అడవినంతా తగలబెట్టే నిప్పు. మా చిన్నప్పుడు మా ఊళ్ళో అన్నీ తాటాకిళ్ళే. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఒకావిడ పొయ్యిలో ఉన్న కొరివి సరిగా ఆర్పకుండా బూడిద పెంటమీద పోసింది. గాలి లేచింది. సాయంత్రానికి ఆ వరసలో ఇల్లన్నది లేదు. ఆవిడ తరవాత ఎన్నేళ్ళు బతికినా, "నేను బూడిదే పోశాను, నిప్పు పొయ్యలేదు" అంటూ ఉండేది. నేనూ అలాగే అన్నాను. "నేను చెప్పింది నిజమే కదా. పేరు కూడా చెప్పలేదు. ప్రార్థన కోసమే కదా చెప్పాను."

ఈ మూడు మాటలూ చాలా రోజులు నా తలలో తిరిగాయి. నిజమైతే చెప్పొచ్చా? ఇదీ నన్ను పట్టుకున్న ప్రశ్న. అబద్ధం చెప్పకూడదని అందరికీ తెలుసు. నిజం ఎవరిది అనే ప్రశ్న మాత్రం మనం వేసుకోం. ఆ అమ్మాయి కష్టం ఆ అమ్మాయి సొత్తు. నా దగ్గర దాచుకోమని ఇచ్చింది. దాచుకోమన్న నగని పదిమందికీ చూపించి, "నగ నిజమైనదే కదా" అంటే సరిపోతుందా?

అప్పుడే మార్త కథ మళ్ళీ చదివాను. లూకా సువార్త పదో అధ్యాయంలో ఉందది. చెప్పొద్దూ, నేను మొదట్నుంచీ మార్త పక్షమే. ఇంటికి వచ్చినవాళ్ళకి వండి పెట్టేవాళ్ళు ఒకరుండాలి కదా! మరియలాగా అందరం పాదాల దగ్గర కూర్చుంటే పొయ్యి ఎవరు రాజేస్తారు? కానీ ఈసారి ఇంకొకటి కనిపించింది. మార్తకి చెల్లెలి మీద కోపం వచ్చింది. "ఏమే, ఇలా వచ్చి కాస్త ఈ పని అందుకో" అని చెల్లెలితో అంటే అయిపోయేది. ఆవిడ చెల్లెలితో అనలేదు. చెల్లెలి గురించి చుట్టంతో చెప్పింది. పైగా, నీకు పట్టదా అని ఆయన్నే నిలదీసింది! ఒక మనిషితో మాట్లాడటం వేరు, ఆ మనిషి గురించి మాట్లాడటం వేరు. మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో ప్రభువు పెట్టిన క్రమం కూడా ఇదే. సహోదరుడు తప్పు చేస్తే మొదట నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పుకోండి, వినకపోతేనే ఒకరిద్దర్ని తీసుకెళ్ళు, సంఘానికి చెప్పటం ఆ తరవాతే. మనం ఈ క్రమాన్ని సరిగ్గా తలకిందులు చేస్తాం. సంఘానికి ముందు తెలుస్తుంది, ఆ మనిషికి ఆఖరున. తప్పు చేసినవాడికే అంత గౌరవం ఇవ్వమంటే, ఏ తప్పూ చెయ్యక కష్టంలో ఉన్న పిల్లకి ఇంకెంత ఇవ్వాలి?

ఇక మాట్లాడనే కూడదని నిశ్చయించుకున్నాను. పదిహేను రోజులు కూడికల్లో నోరు విప్పలేదు. "ఏంటి, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారందరూ. మౌనం చాలా హాయిగా ఉంది. హాయిగా ఉండటం వల్లే అనుమానం వచ్చింది.

ఎందుకంటే ఆ పదిహేను రోజుల్లోనే ఒక పెళ్ళిచూపుల సందర్భంలో ఉన్నాను. చదువుకుని ఉద్యోగం చేస్తున్న ఒక పిల్ల గురించి, అక్కడ కూర్చున్న ఒకాయన, "రంగు తక్కువ కాబట్టి ఇంకో రెండు లక్షలు కలపండి" అన్నాడు. పిల్ల అక్కడే ఉంది, పళ్ళెం చేతిలో పట్టుకుని. ఆయన నాకు తెలిసినవాడే. నేనొక మాటంటే ఊరుకునేవాడే. నేను మాట్లాడకూడదన్న నియమంలో ఉన్నాను కదా, గోడమీద కాలెండరు చూశాను. ఆ పిల్ల నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. దానికి లెక్క ఏ పుస్తకంలో రాయను?

ఎస్తేరు రాణికి మొర్దెకై పంపిన కబురు గుర్తొచ్చింది. ఇలాంటి సమయంలో నోరు మూసుకుంటే సహాయం ఇంకొక చోటు నుంచి వస్తుంది, నువ్వు మాత్రం తప్పించుకోలేవని ఆ కబురు సారాంశం. ఎస్తేరు మాట్లాడింది. అయితే ఎలా మాట్లాడింది? పరుగున వెళ్ళి రాజు ముందు ఏడవలేదు. మూడు రోజుల ఉపవాసం తరవాత వెళ్ళి, రాజు ఏం కావాలని అడిగితే విందుకి రమ్మంది. విందులో మళ్ళీ అడిగితే, రేపు ఇంకో విందుకి రండి అంది. ఆ రెండో విందులో చెప్పింది, ఎవరి గురించి చెప్పాలో ఆ హామాను ఎదురుగానే చెప్పింది. ఒక జాతి ప్రాణాలు ఆ నాలుగు మాటల్లో ఉన్నాయి. వాటికి అదను చూసుకుంది. కాలమూ మాటా పక్కపక్కన ఎందుకు పెట్టాడో పౌలు, నాకక్కడ అర్థమైంది.

యాయీరు కథ కూడా ఉంది. కాలాన్ని గురించి నాకు అంతకన్న బెంగ పుట్టించే కథ ఇంకోటి లేదు. పన్నెండేళ్ళ కూతురు చావుబతుకుల్లో ఉంటే ఆ తండ్రి వచ్చి యేసు కాళ్ళమీద పడ్డాడు. ఆయన బయల్దేరాడు. దారిలో జనం. పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో బాధపడుతున్న ఒక స్త్రీ వెనకనుంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టుకుంది, బాగుపడింది. అక్కడితో సరిపెట్టుకుని నడిచిపోవచ్చు కదా! ఆయన ఆగాడు. ఎవరు ముట్టుకున్నారని అడిగాడు. ఆవిడ వణుకుతూ వచ్చి సంగతంతా చెప్పిందని రాశాడు మార్కు. సంగతంతానట! పన్నెండేళ్ళ జబ్బు, వైద్యులకి పోసిన డబ్బు, అదంతా చెబుతూంటే పక్కన యాయీరు ఎలా నిలబడ్డాడో ఊహించండి. నేనైతే "అమ్మా, తరవాత చెబుదువుగాని" అనేదాన్ని. ఆవిడతో ఆయన మాట్లాడుతుండగానే కూతురు పోయిందని కబురొచ్చింది. ఆ పిల్లని ఆయన లేపాడు, కథ అక్కడ సుఖంగానే ముగిసింది. అయినా ఆ మధ్యలో నిమిషాలు యాయీరువి. ఆయన వాటిని ఇంకొకరికిచ్చాడు. ఒకరికిచ్చిన కాలం ఇంకొకరి నుంచి తీసిందే అవుతుందని, ఇల్లు నడిపే ఆడవాళ్ళందరికీ తెలుసు. దీనికి లెక్క నాకింకా తేలలేదు.

పదిహేడో శతాబ్దంలో పారిస్ నగరంలో లారెన్స్ అని ఒక సన్యాసి ఉండేవాడు. మఠంలో ఆయనకిచ్చింది వంటపని, అదంటే ఆయనకి మొదట ఇష్టమే లేదట. ఏళ్ళ తరబడి ఆ వంటింట్లోనే ఉండి, గిన్నెల చప్పుడు మధ్య కూడా మోకాళ్ళమీద ఉన్నంత నెమ్మదిగా దేవుడితో ఉండటం అలవాటు చేసుకున్నాడు. 1691లో పోయాడు. వంటింటి సంగతి తెలిసిన భక్తుడు ఒకడైనా ఉన్నాడని నాకదో ఊరట. అయితే ఆయన వంటింట్లో ఫోను లేదు, పెదనాన్నగారి అమ్మాయి లేదు.

ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళటానికి నాకు మూడు వారాలు పట్టింది. మధ్యలో యాభై గజాల దూరం. టైము దొరకలేదని చెప్పను. దారిలో ఏం మాట్లాడాలో తయారు చేసుకుంటూ వెళ్ళాను, నా ఉద్దేశం ఏమిటో, ఓనరుగారి భార్య అలా చేస్తారని అనుకోలేదనీ. యోబు ముగ్గురు స్నేహితులు కూడా ఇలాగే వచ్చారు పాపం. ఏడు రాత్రింబగళ్ళు నేలమీద పక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. అంతవరకూ వాళ్ళంత మంచి స్నేహితులు లేరు. నోరు విప్పాక చెడిపోయారు, చివరికి దేవుడే వాళ్ళమీద కోపగించుకున్నాడు.

తలుపు తీసి, "వందనాలు ఆంటీ, రండి" అంది, ఏమీ జరగనట్టు. నేలమీద గోంగూర పోసుకుని ఆకు దూస్తోంది. నేను నిలబడే, "తప్పు చేశానమ్మా. నీ మాట బయట పెట్టాను. నన్ను క్షమించు" అన్నాను. తయారు చేసుకున్నవేవీ నోటికి రాలేదు, దేవుడి దయ. అది తల ఎత్తకుండానే, "మీరు దేవుడితో చెబుతారనుకున్నాను ఆంటీ" అంది.

దానికి నేను జవాబు చెప్పలేదు. కింద కూర్చుని రెండు కట్టలు నా ముందుకి లాక్కుని ఆకు దూయటం మొదలెట్టాను. చాలాసేపటికి అది, గోంగూర కట్ట ఇరవై రూపాయలు చెప్పాడనీ, అందులో సగం గడ్డేననీ అంది. అవునన్నాను. చిన్నవాడు నిద్రలేచి వచ్చి నా ఒళ్ళో పడుకున్నాడు. వాళ్ళమ్మ ఊరికి వెళ్ళిపోయిందా అని అడగాలనిపించింది, అడగలేదు.

ఇప్పుడు ప్రతి గురువారం మధ్యాహ్నం వెళుతున్నాను. ముందు ఆ మంచంమీదున్న పెద్దావిడ దగ్గర ఒక గంట, తరవాత ఈ ఇంట్లో ఒక అరగంట. వాళ్ళాయనకి ఏదో పని దొరికినట్టుంది, టిఫిను డబ్బా బరువుగానే కనిపిస్తోంది. ఇంటి సంగతులు ఆ అమ్మాయి ఇంతవరకూ మళ్ళీ నాతో చెప్పలేదు. మొన్న మాత్రం పెరుగు తోడుకి గిన్నె తీసుకుని వచ్చింది.